పుస్తకంలో లేని తడిగుడ్డ

ఈ వానాకాలంలో మా బావ తన కారు చరిత్ర రాసివ్వమని అడిగాడు. బావ అంటే మా అక్క పెనిమిటి. ఇల్లు నిర్మల్‌లో. పాత కార్లు కొని దాచుకునే మనిషి ఒకాయన హైదరాబాదు నుంచి వచ్చి, పెరట్లో రేకుల షెడ్డు కింద ఉన్న బండిని అన్ని వైపులా తిరిగి చూశాడట. ఎక్కడెక్కడ తిరిగింది, ఏ భాగం ఎప్పుడు మార్చారు, అన్నీ కాగితం మీద ఉంటే తీసుకుంటానని చెప్పి పోయాడట. ఆ సాయంత్రమే బావ కరీంనగర్‌లో ఉన్న నాకు ఫోను చేశాడు.

"బామ్మర్దీ, నీ డైరీలల్ల అన్ని ఉంటయి గదా. జర రాసియ్యి."

"రాస్త బావా."

"ఘాటు ముచ్చట గూడ రాయి. నా తప్పు దాసిపెట్టకు. గుడ్డ సక్కగ కట్టకుంటె ఏమైతదో కొన్నోడు తెల్సుకోవాలె."

ఘాటు అంటే నిర్మల్ నుంచి ఆదిలాబాద్ పోయే కొండదారి. ఘాటులో జరిగినదానికి కారణం బావ కట్టిన ముడి కాదు, నేను. ఆ సంగతి నలభై ఏళ్లకు పైగా నా ఒక్కడికే తెలుసు. ఇప్పుడు దాన్ని అతని తప్పుగా నా చేతితోనే రాయాలి, లేదా నోరు విప్పాలి. బావకు డెబ్బై ఎనిమిదేళ్లు. నాకు నాలుగేళ్లు తక్కువ.

నేను బొగ్గు గనుల్లో సర్వే విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. గనిలో కొలతలు రాసుకునే పుస్తకానికి ఒక నియమం ఉండేది. రాసిన అంకెను రబ్బరుతో చెరపకూడదు. తప్పయితే ఒక గీత కొట్టి, పాత అంకె కనబడేలా ఉంచి, పక్కన సరైనది రాసి సంతకం పెట్టాలి. నా డైరీలకూ అదే నియమం పెట్టుకున్నాను. పొద్దుటి పనులు మధ్యాహ్నం భోజనానికి ముందు రాస్తాను, మధ్యాహ్నం తరువాతివి దీపాలు పెట్టే వేళకు. ఆ డైరీలన్నీ చెక్క బీరువాలో వరుసగా ఉన్నాయి. ఫోను పెట్టేశాక ఆ ఏడాది డైరీ తీయలేదు. ముందు బండి పుట్టుక దగ్గర మొదలుపెట్టాను. అది సులువు.

ఆ బండి ఇటలీది. అక్కడ దాన్ని మిల్లెచెంతో అనేవారు. వాళ్ల భాషలో పదకొండు వందలు అని అర్థం. ఇంజనులో నాలుగు సిలిండర్ల లోపలి చోటు కలిపితే ఇంచుమించు అన్ని ఘనపు సెంటీమీటర్లు; కచ్చితంగా చెప్పాలంటే వెయ్యీ ఎనభై తొమ్మిది. యుద్ధానికి ముందే ఆ పేరుతో ఒక బండి ఉండేది. దానికి కింద ఇనుప చట్రం, ఆ చట్రం మీద బిగించిన ఒళ్లు. యుద్ధం ముగిసి దేశం తేరుకుంటున్న యాభైల మొదట్లో అదే పేరుతో కొత్తది తీశారు. దానికి వేరే చట్రం లేదు. రేకును మడిచి, అతికి, ఒంటినే చట్రంగా చేశారు. బరువు తగ్గింది, చిన్న ఇంజనుకే కుటుంబం మొత్తాన్ని లాగే శక్తి వచ్చింది. ముందు చక్రాలకు విడివిడిగా చుట్ట స్ప్రింగులు, వెనక ఎడ్లబండి ఇరుసులాంటి ఒకే ఇరుసు కింద పట్టీల కమాన్లు. గేరు కర్ర స్టీరింగు పక్కనే. అందువల్ల ముందు సీటులో ముగ్గురు కూర్చున్నా ఎవరి మోకాలూ గేరుకు తగలదు. మన దేశంలో ముందు విడిభాగాలు తెప్పించి బొంబాయిలో బిగించేవారు. పోను పోను అన్నీ ఇక్కడే తయారయ్యాయి.

మొదటి రకానికి ముందు తలుపులు వెనక్కి తెరుచుకునేవి. కీళ్లు బండి నడుము దగ్గర ఉండేవి. వీపు గుండ్రంగా ఉండేది. ఆ వీపును చూసి మరాఠీవాళ్లు దాన్ని డుక్కర్ అన్నారు, పంది అని. తరువాతి రకాలకు తలుపులు మామూలు వైపుకు తిరిగాయి, వెనక మూలలు చిన్న రెక్కల్లా పైకి లేచాయి. ఇటలీలో ఆ బండి ఆగిపోయిన తరువాత కూడా మన దగ్గర ముప్పై ఏళ్లపాటు వస్తూనే ఉంది. చివరి రోజుల్లో పేరు పద్మిని. ఇంజను మాత్రం ఆ పదకొండు వందలదే.

బావది మొదటి రకం. నాగపూర్ వైపు ఒక కలప కాంట్రాక్టరు వాడి వదిలేసిన దాన్ని కొని టాక్సీ చేశాడు. బావవాళ్లు నిర్మల్‌లో కొయ్యబొమ్మలకు రంగులు వేసే ఇంటివాళ్లు. బొమ్మలకు వేసే డ్యూకో రంగే కార్లకూ వేస్తారు కనుక, అన్నదమ్ములిద్దరూ కలిసి బండికి చిలకపచ్చ రంగు వేశారు. గేరు కర్ర చివర గుండు విరిగిపోతే బావ బొమ్మలు చేసే పొణికి కొయ్యతో మామిడికాయ చెక్కి పెట్టాడు. నా పెళ్లికి మేము చొప్పదండి పోయింది ఆ బండిలోనే. అక్కడ పెళ్లికొడుకును చూడటానికి వచ్చినవాళ్లకంటే తలుపు వెనక్కి తెరుచుకోవడం చూడటానికి వచ్చినవాళ్లే ఎక్కువ. ఇది డైరీలో ఉంది.

నిర్మల్ బస్టాండు దగ్గర జీపులవాళ్లు బావను వదిలేవారు కాదు. ఒకసారి బండిలోంచి ఎనిమిది మంది దిగుతుంటే ఒకడు కేక వేశాడు.

"సూడుండ్రి, డుక్కర్ ఈనింది!"

"ఈనింది మరి," అన్నాడు బావ. "పిల్ల గావాల్నా? నీ జీపుకు ఇస్త తియ్."

అతనికి ఆ బండి మీద ఎంత ప్రేమో చెప్పడానికి ఇంతకంటే నా దగ్గర మాటలు లేవు. ఇంగ్లీషు చదవలేడు. ఇంజను చప్పుడులో చిన్న తేడా వచ్చినా మాట్లాడుతున్నవాడల్లా ఆగి తల వంచి వినేవాడు.

ఇంగ్లీషు చదివేది నేను. బండితోపాటు ఒక పుస్తకం వచ్చింది, నడిపేవాడు ఏం చేయాలో చెప్పే పుస్తకం. సెలవులకు వచ్చినప్పుడల్లా నిఘంటువు పక్కన పెట్టుకొని అది మొత్తం చదివాను. ఎన్ని మైళ్లకు నూనె మార్చాలి, ఎక్కడెక్కడ గ్రీజు పెట్టాలి, అన్నీ ఒక కాగితం మీద పట్టిక వేసి బావ ఇంటి గోడకు అంటించాను. ఆ పుస్తకంలో చలి గురించి పేజీలకు పేజీలు ఉన్నాయి. రేడియేటరులో నీళ్లు గడ్డకట్టకుండా ఏం చేయాలి, మంచు పడిన పొద్దున ఇంజను ఎలా లేపాలి. ఎండ గురించి మాత్రం ఏమీ లేదు. రాసినవాళ్లు మే నెలలో నిర్మల్ ఘాటు చూడలేదు.

బావ చూశాడు. ట్యాంకులోంచి పెట్రోలును లాగి ఇంజనుకు అందించే చిన్న పంపు ఒకటి ఇంజను పక్కనే బిగించి ఉంటుంది. దాని లోపల ఒక పలచటి పొర పైకీ కిందికీ ఆడుతూ పెట్రోలు తోడుతుంది. ఇంజను బాగా కాగితే పంపు కూడా కాగి లోపలి పెట్రోలు ఆవిరైపోతుంది. అప్పుడు పొర ఎంత ఆడినా ఆవిరి తప్ప పెట్రోలు రాదు. బండి దగ్గుతుంది, ఆగుతుంది. అందుకని పాత డ్రైవర్లు ఎండాకాలంలో పంపు చుట్టూ గుడ్డ చుట్టి తడిపేవారు. నీరు ఆరుతూ పంపును చల్లగా ఉంచుతుంది. బావ ఘాటు కింద తప్పకుండా ఆగి, బానెట్ ఎత్తి, గుడ్డ మీద చెంబెడు నీళ్లు పోసి అప్పుడు ఎక్కేవాడు.

ఇదంతా నాకు తరువాత గనిలో వర్క్‌షాపు ఫిట్టరు చెబితే అర్థమైంది. ఘాటులో బండి ఆగిన రోజుకు తెలియదు.

ఆ రోజు డైరీ చివరికి తీశాను. మే నెల. సెలవు మీద అక్క ఇంట్లో ఉన్నాను. బావ తెల్లవారుతూనే ఒక కిరాయి దించి వచ్చి, గుడ్డ తడిపి పెట్టి నిద్రపోయాడు. నేను గోడమీది పట్టిక ప్రకారం గ్రీజు పెట్టడానికి బానెట్ ఎత్తాను. పంపు చుట్టూ మాసిన గుడ్డ. పెట్రోలు వాసన. పుస్తకంలో ఎక్కడా లేదు. నిప్పు అంటుకుంటే ఏమవుతుందని భయం వేసింది. నా మధ్యాహ్నపు రాత ఇది: "ఇంజను శుభ్రం చేశాను. పంపుకు చుట్టిన మాసిన గుడ్డ విప్పి, ఉతికి, దండెం మీద ఆరేశాను."

అది రాసి పెన్ను మూస్తుండగానే వాకిట్లో బండి చప్పుడైంది. మేము నాన్నను బాపు అంటాం. చిన్నబాపు, అంటే ఆయన తమ్ముడు, ఊరి నుంచి ఎడ్లబండిలో బాపును తెచ్చాడు. చేనులో పడిపోయాడట. నోరు ఒక పక్కకు పోయింది, కుడిచెయ్యి వేలాడుతోంది. నిర్మల్ డాక్టరు చూసి వెంటనే ఆదిలాబాద్ పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. బావ నిద్ర కళ్లతో లేచి వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. వెనక సీటులో బాపు తల నా ఒళ్లో, కాళ్లు చిన్నబాపు ఒళ్లో.

ఘాటు కింద బావ ఆగలేదు.

"పొద్దుగాల్నే తడిపిన. ఎక్కుతది," అన్నాడు తనలో తాను.

సగం ఎక్కాక బండి దగ్గింది. మూడో మలుపులో నిలిచిపోయింది. బావ దిగి బానెట్ ఎత్తాడు. తరువాత అతని గొంతు వినబడింది.

"గుడ్డ ఏదీ? నేనే కట్టిన గదా!"

నేను అప్పుడే చెప్పాల్సింది. "నేను తీసిన బావా" అని మూడు మాటలు. నా నోరు రాలేదు. బాపు కళ్లు నా మొహం మీదే ఉన్నాయి, ఎంత తెలుస్తోందో తెలియదు.

"యాడ్నో ఊడిపోయింది. నా ముడే లూజైంది," అన్నాడు బావ.

"ఒక ముడి సక్కగ ఎయ్యరాదా అల్లుడా?" అన్నాడు చిన్నబాపు.

బాపు పెదవులు తడపడానికి తెచ్చిన కూజా ఒకటే మా దగ్గర ఉన్న నీళ్లు. బావ దాని వైపు చూశాడు కానీ ముట్టుకోలేదు. తువ్వాల తీసుకొని వాగు వైపు దిగిపోయాడు. వాగు ఎండిపోయి ఉంటే ఇసుకలో చెలిమె తోడి, నీళ్లు ఊరేదాకా కూర్చుని, తువ్వాల తడిపి పరుగున ఎక్కి వచ్చాడు. దాన్ని పంపుకు చుట్టి, చల్లబడ్డాక హ్యాండిల్ కొట్టాడు. నా సాయంత్రపు రాత ఇది: "కారు ఘాటులో ఆగింది. గంటా పది నిమిషాలు." అంతే. గుడ్డ మాట లేదు. నా డైరీలో అబద్ధం లేదని చాలా ఏళ్లు గర్వంగా చెప్పుకున్నాను.

బాపు తొమ్మిదేళ్లు బతికాడు. మాట రాలేదు. చెయ్యి లేవలేదు. గంట ముందు చేరి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. చిన్నబాపు మాత్రం చెప్పేవాడు. పెళ్లిళ్లలో, చావుల్లో, కలిసిన ప్రతివాళ్లకూ, "అల్లుని గుడ్డ ఊడి మా అన్న నోరు పోయింది" అనేవాడు. స్టాండులో జీపులవాళ్లు నవ్వడం మానేశారు. రోగిని తీసుకెళ్లాలంటే ఊరివాళ్లు బావను పిలవడం మానేశారు. ఏడాది తిరగకముందే బావ బండిని షెడ్డులో పెట్టి దుబాయి పోయాడు. పన్నెండేళ్లు ఉన్నాడు. నేను "పైలం బావా" అని, జాగ్రత్తగా ఉండమని ఉత్తరాలు రాశాను.

ఎందుకు చెప్పలేదని నన్ను నేను అడుగుతూ వచ్చాను. ఘాటులో భయం. ఆసుపత్రిలో సమయం కాదనుకున్నాను. తరువాత బావే తన ముడి అని ఒప్పుకున్నాడు కదా, ఇప్పుడు కదిలిస్తే ఎవరికి మేలు అనుకున్నాను. ఒక్కో ఏడాది గడిచినకొద్దీ చెప్పాల్సింది రెండయింది. గుడ్డ తీయడం ఒకటి, దాచడం ఒకటి.

పెత్రమాసకు, అంటే పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చే అమావాస్యకు, ముందురోజు ఆ డైరీని సంచిలో పెట్టుకొని బస్సెక్కాను. మా బాపు పేరు మీద బియ్యం ఇచ్చేది అక్క ఇంట్లోనే. బావ అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"రాసుకొచ్చినవా?" అన్నాడు.

"సగం రాసిన. మిగిలిన సగం నువ్వు ఇన్నంక రాస్త," అని, డైరీ తెరిచి మధ్యాహ్నపు రాత చదివాను.

"మల్ల చదువు," అన్నాడు. మళ్లీ చదివాను.

"ఆరేసినవా?"

"ఆరేసిన."

"యాడ?"

"దండెం మీద. పెరట్ల."

గడపలో నిలబడి వింటున్న అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో తమ్మీ, గా గుడ్డ దండెం మీదికెల్లి నేనే తీసిన. దాంతోనే ఇల్లు తుడిసిన, ఎన్ని దినాలో," అంది.

బావ ఆమె వైపు చూడలేదు. "ఆదిలాబాద్ నుంచి వచ్చినంక గా ఘాటు పొంటి రెండు దినాలు నడిసిన," అన్నాడు. "గుడ్డ దొరుకుతదేమో అని. దొరికితె ముడి యాడ జారిందో తెలుస్తదని. పొదలు గూడ ఇర్సి సూసిన. దండెం మీద ఉన్నదా."

నేను ఏదో అనబోయాను. చెయ్యి ఎత్తి ఆపాడు.

"దుబయిల మూటలు మోసిన పన్నెండేండ్లు. బండి నడుపు, జీతం ఎక్కువిస్తమన్నరు. స్టీరింగు ముంగట కూసుంటె చేతులు వణికేటియి. మామ మొహమే కనవడేది. నువ్వేమో ఉత్తరాలు రాస్తివి. సక్కటి రాత నీది."

"తప్పైంది బావా."

"నాకు చెప్తె ఏం లాభం? నన్ను అన్నోళ్లకు చెప్పు. రేపు చిన్నమామ వస్తడు. ఆయన ముంగట చెప్పు."

అంతే చెప్పి లోపలికి పోయాడు. ఆ పూట నాతో కలిసి అన్నం తినలేదు. నేను ఆ ఇంటికి పోతున్న ఇన్నేళ్లలో అది మొదటిసారి.

మరునాడు చిన్నబాపు బోథ్ నుంచి, కొడుకు ఇంటి నుంచి వచ్చాడు. తొంభై దాటాయి, చూపు బాగానే ఉంది, చెవులు వినబడవు. బాపు పేరు మీద బియ్యం, కూరగాయలు అయ్యగారికి ఇచ్చి పంపాక, చిన్నబాపును అరుగు మీద కూర్చోబెట్టాను. బావ స్తంభానికి ఆనుకొని నిలబడ్డాడు. పక్కింటి వాకిట్లో ఆడవాళ్లు సాయంత్రం బతుకమ్మకు గునుగు పూలు కత్తిరిస్తున్నారు.

"చిన్నబాపూ, ఘాటుల గుడ్డ ఊడలే. నేనే తీసిన."

"ఆఁ? జర గట్టిగ చెప్పు కొడుకా."

"గుడ్డ నేను తీసిన!"

"ఏం గడ్డ?"

"గడ్డ కాదు, గుడ్డ! బావ కారు గుడ్డ! బాపును తీస్కపోయిన నాడు!"

పక్కింట్లో కత్తెరలు ఆగిపోయాయి. నలభై ఏళ్లు లోపల పెట్టుకున్న మాటను వీధంతా వినేలా మూడుసార్లు అరిచాను. మూడోసారికి అతనికి అందింది.

"బావ ముడి కాదా?"

"కాదు! బావ మంచిగనే కట్టిండు! నేను ఇప్పిన!"

చిన్నబాపు నన్ను ఏమీ అనలేదు. తిడితే బాగుండేది. చేతికర్ర పక్కన పెట్టి, రెండు చేతులూ బావ వైపు చాచాడు.

"అల్లుడా, నేను ఎంతమందికి చెప్పిన్నో నాకే యాదికి లేదు."

"ఇడిసిపెట్టు మామ."

"ఆఁ?"

"ఇడిసిపెట్టు అంటున్న!" అని బావ అరిచాడు. మెట్లు దిగి పెరట్లోకి పోయాడు.

కాసేపయ్యాక నేనూ వెళ్లాను. షెడ్డులో బానెట్ ఎత్తి ఉంది. చిలకపచ్చ రంగు చాలాచోట్ల లేచిపోయి కింద తుప్పు కనబడుతోంది. బావ తన పాత ధోవతి ఒకటి చించి, బకెట్‌లో ముంచి, పిండుతున్నాడు. నా వైపు చూడకుండానే అన్నాడు.

"పెన్ను తెచ్చినవా?"

"తెచ్చిన."

"రాయి. గుడ్డ నూలుది ఉండాలె, పాతది. కొత్తది నీళ్లు పట్టది. మూడు సుట్లు. పైపు మీదికి రావద్దు. ముడి ఇంజను దిక్కు కాదు, బయటి దిక్కు. ఘాటు కింద ఆగి మల్ల నీళ్లు పొయ్యాలె, ఎవ్వరు సస్తున్నా సరే ఆగాలె."

రాశాను.

"నేను ఆగలే. ఆగితె గుడ్డ లేదని గప్పుడే తెలుస్తుండె. గది నాది. గుడ్డ తీసుడు నీది, చెప్పకపోవుడు నీది. అన్ని రాయి. ఎవ్వలది వాళ్లకు రాయి."

అదే వరుసలో రాశాను. తరువాత డైరీ తెరిచి, "గంటా పది నిమిషాలు" అన్న రాత పక్కన, పాతది కనబడేలా ఉంచి, ఈ పెత్రమాస తేదీ వేసి, "గుడ్డ నేను తీశాను, చెప్పలేదు" అని రాసి సంతకం పెట్టాను. బావ వంగి చూశాడు. అతను తెలుగు నెమ్మదిగా, పెదవులు కదుపుతూ చదువుతాడు. చదివాక గుడ్డను పంపు చుట్టూ మూడు చుట్లు చుట్టి ముడి వేశాడు.

"లాగు," అన్నాడు.

మెల్లగా లాగాను.

"గట్టిగ లాగు."

రెండు వేళ్లు ముడి కింద పెట్టి, ఉన్న బలమంతా పెట్టి లాగాను. నీళ్లు నా మణికట్టు మీదుగా కారాయి. ముడి ఊడలేదు.